మొదటి గీత

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ వరసగా చెప్తే వినేవాళ్ళు అలిసిపోతారు గానీ నేను అలిసిపోను. కాబట్టి ఒక్కటే చెప్తాను. ఆయన దేన్నైనా ఉన్నది ఉన్నట్టు ఉంచే మనిషి.

ఈ ఇంటికి మారేముందు పాత ఇంట్లో ప్రతి గదినీ ఫోటోలు తీశారు. టేపు తెచ్చి, రెండో కొస నన్ను పట్టుకోమన్నారు. మంచం గోడకి ఎంత దూరం, గడియారం నేలకి ఎంత ఎత్తు, చెప్పుల స్టాండు గుమ్మానికి ఏ పక్క, అన్నీ కొలిచారు. సామాను మోసేవాళ్ళు వచ్చేసరికి కొత్త ఇంటి నేలంతా సుద్దగీతలే. "సార్, ఇక్కడేమైనా ఆటల పోటీలా?" అని అడిగాడు వాళ్ళల్లో ఒకతను. ఆయనకి నవ్వు రాలేదు. నాకొచ్చింది, కానీ చేతిలో గాజుసామాను ఉంది.

సాయంత్రానికల్లా పాత ఇల్లు లేచొచ్చి కొత్త ఇంట్లో కూర్చుంది. ఒక్క చిక్కు మాత్రం వచ్చిపడింది. ఈ పడగ్గదిలో గోడ బీరువా ఉంది, పాత దాంట్లో లేదు. దాని తలుపు తెరిస్తే మంచం అంచుకి తగిలి సగంలో ఆగిపోతుంది. ఆ సందులోంచి చెయ్యి దూర్చి తడిమి, ఏ బట్ట చేతికొస్తే ఆ రోజుకి అదే నాకు నచ్చిన బట్ట.

"మంచం జానెడు జరిపితే సరిపోతుంది కదండీ?" అన్నాను.

"కొలిచి పెట్టాను."

"కొలిచింది ఆ ఇంటిని కదా?"

"నీకు ప్రతిదీ వేళాకోళమే."

ఆ చర్చ అక్కడితో ముగిసింది. మా ఇంట్లో చర్చలన్నీ ఆయన కొలతల దగ్గరే ముగుస్తాయి.

ఆయన పనిచేసేది ఒక కంటి ఆస్పత్రిలో. డాక్టరు కాదు. పై అంతస్తులో చల్లటి గదిలో బీరువాలంత ఎత్తున నిలబడి రొదపెట్టే సర్వర్లని చూసుకుంటారు. ఆస్పత్రికొచ్చే ప్రతి మనిషి కంటి లోపలి ఫోటోలూ ఆ సర్వర్ల డిస్కుల్లోనే ఉంటాయి. ఊళ్ళో సగంమంది కళ్ళు ఆయన కాపలాలో ఉన్నాయి. ఇంట్లో ఉన్న జత మాత్రం ఆయన ఎప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది.

నేనేమీ చదువుకోనిదాన్ని కాదు. ఫిజిక్సులో డిగ్రీ ఉంది. కుక్కరు ఎందుకు విజిల్ వేస్తుందో సూత్రంతో సహా చెప్పగలను, అడిగేవాళ్ళుంటే. పిల్లలు లేరు. దాని గురించి అడిగేవాళ్ళు కూడా అడగడం మానేసి చాలా కాలమైంది. ఆయన వెళ్ళాక ఇంట్లో ఫ్రిజ్ ఒకటే మాట్లాడుతుంది, అది కూడా ఉండుండి. చప్పుడు విని లిఫ్టు ఎన్నో అంతస్తులో ఆగిందో చెప్పేంత ప్రావీణ్యం వచ్చింది నాకు. మా అంతస్తులో ఆగితే చేస్తున్న పని ఆపుతాను. ఎదురింటివాళ్ళ తాళంచేతుల గలగల వినపడగానే మళ్ళీ మొదలుపెడతాను.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఇదివరకు ఆ లిఫ్టులోంచి మా ఆడపడుచు దిగేది.

ఆడపడుచుల గురించి లోకం చాలా అనుకుంటుంది. పెళ్ళితో పాటు నాకు వచ్చినవాటిలో చెక్కుచెదరకుండా మిగిలింది ఆడపడుచు ఒక్కతే. మా ఆయన కంటే బాగా చిన్నది. చిన్నప్పుడు ఇంట్లో ఏ వస్తువునీ విప్పకుండా వదిలేది కాదట, అందుకని ఈయన దాన్ని 'పిడుగు' అనేవారు. ఆ పేరే ఉండిపోయింది. కీబోర్డు మీద వేళ్ళు ఎలా పెట్టాలో నేర్పింది ఆయనే. తన ఆస్పత్రిలోనే ఉద్యోగం ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించింది ఆయనే. పిడుగు అక్కడ ఒక ప్రోగ్రాం రాసింది. డాక్టరు పేషెంటు పేరు కొట్టగానే, పోయినసారి తీసిన కంటి ఫోటో, ఈసారి తీసిన ఫోటో పక్కపక్కనే వస్తాయి. ఏ నరం ఎంత మారిందో ఇట్టే తెలిసిపోతుంది. అది మొదలైన రోజు ఈయన మిఠాయి పెట్టె తెచ్చారు. "మా పిడుగు రాసింది" అని ఎదురింటివాళ్ళకి కూడా పెట్టారు. వాళ్ళకి ప్రోగ్రాం అంటే టీవీలో వచ్చేదే. ఎన్నింటికొస్తుందని అడిగారు.

ఆఫీసు నుంచి తిన్నగా మా ఇంటికొచ్చేది పిడుగు. వంటింటి గట్టెక్కి కూర్చుని, కాళ్ళూపుతూ, మూకుట్లోంచే వేలితో తీసుకుని తినేది. "వదినా, అన్నయ్య ఇవాళ ప్రింటర్‌కి కూడా జాగ్రత్తలు చెప్పాడు" అని మొదలుపెట్టేది. ఆయన హాల్లోంచి "వినపడుతోంది" అనేవారు. "వినాలనే" అనేది.

తర్వాత ఆస్పత్రిలో డిస్కులు పాతబడ్డాయి. కొత్తవి తెప్పించారు. పెద్దవి, వేగం ఎక్కువ అని ఈయన మురిసిపోయారు. పాత డిస్కుల్లో ఉన్నదంతా కొత్తవాటిలోకి మార్చింది ఈయనే. చిత్రంగా, ఆ మార్పు జరిగినప్పట్నుంచీ ఫోటోలు రావడం ఆలస్యం కాసాగింది. డాక్టరు పేరు కొట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది.

పెద్ద డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి, ఎవరి వల్ల ఇలా అవుతోందని అడిగింది. మా ఆయన లేచి నిలబడి, "సర్వర్లో ఏ లోపం లేదు మేడమ్. ప్రోగ్రాం రాసిన తీరే అంత" అన్నారు. గదినిండా డాక్టర్లున్నారు. పిడుగు కూడా ఉంది.

ఆ తర్వాత లిఫ్టు మా అంతస్తులో ఆగినా దిగింది ఎదురింటివాళ్ళే.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే భవనంలో పనిచేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కానీ చుట్టరికం అన్నాక ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది కదా, వాటికి నేనున్నాను. "ఇంటి కాగితాల నకలు ఎక్కడుందో ఆవిణ్ణి అడుగు" అంటారు ఈయన. పిడుగు ఇప్పుడు 'ఆవిడ' అయింది. నేను ఫోన్ చేస్తాను. "మీ ఆయన చెక్కపెట్టెలోనే ఉందని చెప్పు వదినా" అంటుంది. అన్నయ్య ఇప్పుడు 'మీ ఆయన' అయ్యాడు. నేనీ మాట ఈయనకి చేరవేస్తాను. "ఏ చెక్కపెట్టె?" అంటారు. మళ్ళీ ఫోన్. ఒక్క ప్రశ్నకి రెండిళ్ళూ తిరగాలి. ఇటు మాట సగం నా చేతిలో, అటు మాట సగం నా చేతిలో. మధ్యలో నా మాట ఒక్కటీ ఉండదు.

కళ్ళద్దాలు మార్చుకోవాల్సొచ్చి నేనే ఆ ఆస్పత్రికి వెళ్ళాను ఒకరోజు. సర్వర్ సార్ భార్యనని చెప్తే లైన్లో ముందుకి పంపుతారేమోనని చిన్న ఆశ. చెప్పాను. "ఓహో" అని, కంట్లో చుక్కలు వేసి అందరితో పాటే కూర్చోబెట్టారు.

ఆ చుక్కలు వేయించుకున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ గది ఎలా ఉంటుందో. మసకదీపం. గోడ వెంట కుర్చీలు. కుర్చీల నిండా కళ్ళు మూసుకున్న మనుషులు. తెరిస్తే వెలుతురు గుచ్చుకుంటుంది, ఎదుటి మొహం నీళ్ళల్లో పడ్డ బొమ్మలా కరిగిపోతుంది. ఎవరూ ఎవరినీ చూడరు, ఎవరూ మాట్లాడరు. నాకెందుకో సొంతింట్లో కూర్చున్నట్టే ఉంది.

లోపలి నుంచి డాక్టరు గొంతు విసుగ్గా వినిపిస్తోంది. "రాలేదండీ, ఇంకా ఫోటో రాలేదు. బయట కూర్చోండి." లోపలికి వెళ్ళిన పెద్దాయన గోడ తడుముకుంటూ బయటికొచ్చి, నా కాలు తొక్కి, "క్షమించు నాయనా" అన్నాడు. పరవాలేదన్నాను. నాయన్ని కానని చెప్పే ఓపిక లేదు.

కాసేపటికి పక్క కుర్చీ కిర్రుమంది.

"కళ్ళు మూసుకుని కూడా నీలో నువ్వే నవ్వుకుంటావేం వదినా?"

కళ్ళు తెరవక్కర్లేకపోయింది. చెయ్యి చాపితే చెయ్యి దొరికింది. వేళ్ళ చివర్లు చల్లగా ఉన్నాయి.

"చిక్కిపోయావే" అన్నాను.

"కనపడకుండానే చెప్పేస్తున్నావ్!"

"ఇంటికెందుకు రావే? ఆయన లేనప్పుడు రా."

"అన్నయ్య లేనప్పుడు అన్నయ్య ఇంటికొస్తే దొంగతనానికి వచ్చినట్టుంటుంది వదినా."

లోపల మళ్ళీ "రాలేదండీ" అని వినపడింది. నా చేతిలో ఉన్న చెయ్యి బిగుసుకుంది.

"ఆ ప్రోగ్రాంని మూడుసార్లు తిరగరాశాను" అంది మెల్లిగా. "ఏం చేసినా అంతే. మొదట్లో ఒకసారి అన్నయ్యని అడిగాను కూడా. కొత్త డిస్కుల్ని భాగాలు చేసే పార్టిషన్ ఎక్కణ్ణించి మొదలుపెట్టావు, మొదటి గీత ఎక్కడ గీశావని. నీ ప్రోగ్రాం నువ్వు చూసుకో, నా డిస్కుల జోలికి రాకు అన్నాడు. సరే, నాకంటే తెలిసినవాడు కదా అనుకున్నాను. నాకు నేర్పిందే వాడు. వాడే ప్రోగ్రాం బాగోలేదంటే ఇంక బాగుందని ఎవరనాలి?"

"నువ్వనాలి."

"అనలేకపోతున్నాను వదినా. అదే సంగతి." నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది. "వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సోమవారానికల్లా వస్తానో రానో చెప్పాలి."

"ప్రోగ్రాములు రాసేదేనా?"

"కాదు. రాసేవాళ్ళ సెలవులు చూసేది. ఎవరికెన్ని రోజులు మిగిలాయి, ఎవరికి జ్వరమొచ్చింది, అలాంటివి. దాంట్లో తప్పు చేయడానికేమీ ఉండదు."

వెళ్ళిపోతుందని కాదు నా దిగులు. అంటే, దానికీ దిగులే, అబద్ధం ఎందుకు. కానీ ఇంట్లో దొరికిన ప్రతి వస్తువునీ విప్పి చూసిన పిల్ల, తప్పు చేయడానికేమీ లేని చోటు వెతుక్కుంటోంది. అది నాకు చుక్కల మందు కంటే ఎక్కువగా మండింది.

"అన్నయ్యతో అనకు" అని లేచింది. నేను కళ్ళు తెరిచేసరికి, కరిగిపోతున్న తలుపులోంచి ఒక నీలిరంగు మచ్చ వెళ్ళిపోతోంది. అది పిడుగే అయుంటుంది.

అనలేదు. మాటిస్తే తప్పను. కానీ ఆయన వడ్డించమన్నప్పుడల్లా గరిటె కాస్త గట్టిగా చప్పుడు చేసి ఉండొచ్చు.

ఈలోగా ఆస్పత్రివాళ్ళు పిడుగు ప్రోగ్రాం తీసేసి, బయటి కంపెనీ నుంచి ఒకటి కొందామనుకున్నారు. ఆ కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చి, ముందు రుచి చూడండంటూ ఈయన సర్వర్లోనే పెట్టి చూపించాడట. పేరు కొట్టాడు. చక్రం తిరిగింది. అతను టై సర్దుకున్నాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. "సార్, మీ డిస్కులు ఓసారి చూసుకోండి" అన్నాడట.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పి, స్టాండులో పెట్టకుండా గుమ్మంలోనే వదిలేశారు. అప్పుడే అనుకున్నాను, ఏదో అయిందని. తిన్నగా లాప్‌టాప్ తెరిచి ఆస్పత్రి సర్వర్‌కి కలిపి, ఏదో కొట్టి, తెర వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత దాన్ని మూసేశారు. భోజనంలో కూర కలుపుకుని తిన్నారు. ఉప్పు వేయడం మర్చిపోయానని నా ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. ఆయనకి చీమ కుట్టినట్టైనా లేదు.

మర్నాడు ఆరేసిన తువ్వాళ్ళు తెచ్చి హాల్లో మడతపెడుతున్నాను. ఆయనొచ్చి నిలబడ్డారు. ఈయనకొక గుణముంది. ఏదైనా తెలిస్తే ఎవరో ఒకరికి వివరించకపోతే అన్నం అరగదు.

"ఇలా చూడు" అని, నేను మడతపెట్టిన తువ్వాలు తీసి నేల మీద పెట్టారు.

"ఉతికినవి!"

"చూడమన్నాను కదా. ఈ నేల డిస్కు అనుకో. ఈ గచ్చు పలకలు ఉన్నాయే, డిస్కు ఏది రాసినా, తీసినా పలక లెక్కనే. సగం పలక తియ్యడం దానికి చేతకాదు. తువ్వాలు ఒక ఫోటో ముక్క అనుకో. పలకకి సరిగ్గా సరిపోతుంది. గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టి పలకకొకటి పరుచుకుంటూ పోతే, ఒక తువ్వాలు కావాలంటే ఒక పలక తీస్తే చాలు."

"బాగానే ఉంది."

"ఇప్పుడు మొదటి తువ్వాలు గోడకి ఆనించకుండా కాస్త ఇవతల పెట్టారనుకో." అన్నిటినీ కొద్దికొద్దిగా జరిపారు. ఇప్పుడు ప్రతి తువ్వాలూ రెండు పలకల మీద అటు సగం ఇటు సగం పడుకుంది. "ఒక్క తువ్వాలు మార్చాలంటే?"

"రెండు పలకలూ తియ్యాలి."

"రెండూ తీసి, రెండూ మార్చి, రెండూ తిరిగి పెట్టాలి. తువ్వాలు తప్పేం లేదు. పలక తప్పేం లేదు. పనంతా రెట్టింపు. ఒకటి కాదు, లక్షల ఫోటోలకి."

"మొదటిది ఇవతల ఎందుకు పెట్టారో?"

"పాత డిస్కుల్లో పలకలు చాలా చిన్నవి. మొదలు ఇంత వదిలి గీత గియ్యాలని అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఎక్కడ గీసినా వాటికి సరిపోయేది. ఎవరో ఆ గీతల్ని ఉన్నవి ఉన్నట్టు కొత్త డిస్కుల మీదకి దించారనుకో..."

"ఎవరో?"

"అనుకో అన్నాను కదా."

నేను ఒక్కో తువ్వాలే దులిపి మళ్ళీ మడతపెట్టాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. బయట చూడ్డానికి ఎదుటి భవనం గోడ ఉంది.

"మరి పిడుగుకి చెప్పారా?"

"ఏం చెప్పాలి?"

"తువ్వాళ్ళ సంగతి."

"ఆదివారం ఆస్పత్రికి సెలవు. డేటా అంతా వేరేచోటికి తీసి, గీత సరిగ్గా గీసి, మళ్ళీ నింపేస్తాను. సరయ్యాక ఇంక చెప్పడానికి ఏముంటుంది?"

"సరయ్యాక ఎందుకు సరయిందని డాక్టరమ్మ అడగదా?"

"స్టోరేజ్ మెరుగుపరిచామని చెప్తాను. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. పైగా డాక్టరమ్మ మెచ్చుకుంటుంది కూడా. చెల్లెలి ప్రోగ్రాం నత్తనడక నడిస్తే అన్న దానికి చక్రాలు తొడిగాడని గదినిండా డాక్టర్లు అనుకుంటారు. పిడుగు సోమవారం పొద్దున ఆ సెలవుల ఉద్యోగానికి వస్తానని చెప్పేస్తుంది. తనకి రాయడం చేతకాదన్న నమ్మకం మూట కట్టుకుని ఊరు దాటుతుంది. ఎవరూ ఒక్క అబద్ధమైనా ఆడి ఉండరు.

"ఆదివారం తర్వాత సోమవారం వస్తుందండీ" అన్నాను.

"అదేం మాట?"

"ఏం లేదు. క్యాలెండర్ చూశాను."

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. ముందురోజు రాత్రే డేటా ఇంకో చోట నకలు తీసిపెట్టారట. పాత గీతలు చెరిపారు. చెరిపేముందు నకలు ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు. డిస్కు మొత్తం ఖాళీ అయ్యాక, మొదటి గీత కొత్త చోట గీశారు, పలక అంచుకి సరిగ్గా. తర్వాత ఫోటోలన్నీ తిరిగి పోస్తున్నారు. తెర మీద ఒక పచ్చగీత చీమలా పాకుతోంది. అలా పాకుతున్నంతసేపూ ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు. ఖాళీగా ఉండటం ఆయనకి రాదు.

నేను వంటింట్లో ఉండగా పడగ్గదిలో ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే మంచం జరుపుతున్నారు. చొక్కా వెన్ను చెమటతో తడిసింది. జరిపి, గోడ బీరువా తలుపు బార్లా తెరిచి, పక్కకి తప్పుకుని నాకు చూపించారు. తలుపు గోడ దాకా వెళ్ళింది. ఇన్నాళ్ళుగా కనపడని బట్టలన్నీ వెలుతురులోకి వచ్చాయి. కొన్నిటిని పారేశాననుకున్నాను.

"సరిపోయిందా?" అన్నారు.

ఎన్నాళ్ళుగానో కోరుకున్నదే. సంతోషించాల్సింది. తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఈ మనిషి రెండు మాటలు అనలేక ఇంత మంచాన్ని ఎత్తాడు.

"మంచం మీద నాకేం కోపం లేదండీ" అన్నాను.

ఆయనకి అర్థమైంది. అర్థమైనప్పుడు ఆయన చెవులు కదులుతాయి. బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పచ్చగీత చివరికి చేరింది. ఆయన లాప్‌టాప్ అటు తిప్పి, ఇటు తిప్పి, కాస్త దగ్గారు.

"ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టి, ఫోటోలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. అది రాసినవాళ్ళే చూడాలి. నువ్వోసారి ఫోన్ చేసి ఆవిణ్ణి చూడమను."

చేశాను. పిడుగు వెంటనే ఎత్తింది. వెనకాల అట్టపెట్టెలకి టేపు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. సామాను సర్దడం మొదలుపెట్టేసిందన్నమాట.

"ప్రోగ్రాం ఓసారి మొదలుపెట్టి చూడాలిట" అన్నాను.

"ఎందుకో అడుగు."

"ఎందుకని అడుగుతోంది."

"డిస్కులు మార్చి సర్దామని చెప్పు."

"డిస్కులు మార్చి సర్దారట."

టేపు చప్పుడు ఆగిపోయింది. మీటలు టకటకమన్నాయి.

"వదినా." గొంతు మారిపోయింది. "పేరు కొట్టేలోపు ఫోటో వచ్చేసింది."

"వచ్చేసిందట" అన్నాను ఈయనతో. ఈయన బల్ల అంచు గోకుతున్నారు.

"మొదటి గీత ఇప్పుడు ఎక్కడ గీశారో అడుగు వదినా."

"ఇప్పుడు గీత ఎక్కడ గీశారంటోంది."

"పలక అంచుకే అని చెప్పు."

"పలక అంచుకేనట."

"ఇదివరకు ఎక్కడుండేదో అడుగు."

నేను ఈయన వైపు చూశాను. ఈయన నా వైపు చూడలేదు. అప్పుడు తట్టింది నాకు. ఈ ఇంట్లో అటు సగం ఇటు సగం పడుకున్న తువ్వాలుని నేనే. ఒక్క మాట కోసం ఇద్దర్నీ కదిపి, ఇద్దర్నీ సర్ది, మళ్ళీ ఎక్కడివాళ్ళని అక్కడ పెట్టి రావడం. ఫిజిక్సు చదివిన ఆడదానికి ఇన్నాళ్ళు పట్టింది అది తెలియడానికి.

ఫోన్ స్పీకర్లో పెట్టి, బల్ల మీద ఆయన ముందు పెట్టాను.

"మీరే చెప్పండి. స్టవ్ మీద పాలున్నాయి, పొంగిపోతాయి."

స్టవ్ ఆరిపోయి చాలాసేపైంది. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఫోన్లో పిడుగుకి కూడా తెలిసే ఉంటుంది. నేను వంటింట్లోకి వెళ్ళి, పిడుగు కూర్చునే గట్టుకి ఆనుకుని నిలబడ్డాను.

కుర్చీ కిర్రుమంది. లేచి వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాను. కిటికీలోంచి ఎవరిదో రేడియో వినపడింది. కింద ఎక్కడో లిఫ్టు కదిలి, ఏదో అంతస్తులో ఆగింది. మాది కాదు.

"హలో" అన్నారు ఈయన, కొత్తవాళ్ళతో అన్నట్టు.

"ఉన్నాను."

"అది... డిస్కుల్ని నడిపే కంట్రోలర్ కూడా పాతదే కదా. ఆ మధ్య లోడ్ కూడా ఎక్కువగానే ఉంది."

"ఊఁ."

"ఆ గీత, పాత డిస్కుల్లో ఎలా ఉందో అలాగే..." ఆగారు. "అందరూ అలాగే చేసేవాళ్ళు ఒకప్పుడు."

"ఊఁ. అయితే ఉంటాను. సామాను సర్దుకోవాలి."

"ఎక్కడికి?"

ఆ మాట నిజంగానే తెలియక అడిగారు. నేను చెప్పలేదు కదా. పిడుగు చెప్పింది. ఊరు పేరు, ఉద్యోగం, సోమవారం, సెలవుల లెక్కలు. నాకు చెప్పినట్టే పొడిపొడిగా చెప్పింది. "నాకు రాయడం రాదుగా" అంది చివర్లో, నవ్వుతున్నట్టు.

ఈయన లాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపించింది.

"పిడుగూ" అన్నారు.

ఆ పేరు ఈ ఇంట్లో వినపడి ఎన్నాళ్ళయిందో.

"నువ్వు అడిగావు. గీత ఎక్కడ గీశావని నన్ను అడిగావు నువ్వు. నేను చూడనైనా చూడలేదు." మాటలు ఒక్కొక్కటే, కావాల్సిన బట్ట కోసం బీరువా సందులో చెయ్యి పెట్టి తడిమినట్టు వస్తున్నాయి. "అంతమందిలో నిలబడి నీ ప్రోగ్రాం మీదకి తోశాను. దాంట్లో ఏ లోపం లేదు. మొదట రాసినదాంట్లోనూ లేదు. తప్పు..."

మిగతాది గొణిగారు.

"సిగ్నల్ సరిగ్గా లేదు అన్నయ్యా" అంది పిడుగు. లైను అద్దంలా ఉంది. వంటింట్లో ఉన్న నాకే దాని ముక్కు ఎగబీల్పు వినపడుతోంది. "ఏమన్నావో వినపడలేదు. గట్టిగా చెప్పు."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. లేచి నిలబడ్డారు కాబోలు, గదినిండా డాక్టర్లున్న రోజు నిలబడ్డట్టే. ఎదురింటివాళ్ళకి కూడా వినపడేలా అన్నారు.

"తప్పు నాది! నేనే తప్పు చేశాను పిడుగూ, రేపు వాళ్ళందరి ముందూ ఇదే మాట ఇలాగే చెప్తాను!"